విలేకరులకు అన్నం పెట్టిన ఇల్లు

కర్నూలు రాజధాని అయిన కొత్తలో ఊళ్లో పిడికెడు అన్నం దొరకడం గగనమైపోయింది. మద్రాసు నుంచి, కోస్తా నుంచి ఆఫీసర్లు, గుమాస్తాలు, వాళ్ల వెనక బిళ్ల బంట్రోతులు వచ్చి దిగిపోయారు. ఇళ్లు చాలక ఆఫీసులు డేరాల్లో పెట్టారు. ఎండాకాలం ఆ డేరాల్లో కూర్చుని ఫైళ్లు రాసేవాళ్లను చూస్తే నవ్వూ వచ్చేది, జాలీ వేసేది. మా ఇంటాయన అప్పుడు ఒక బట్టల కొట్లో గుమాస్తా. ఆయనది ఎర్రగుంట్ల పక్క పల్లె, నాది పత్తికొండ దగ్గర ఊరు. నా వంట మీద ఆయనకు ఎంత నమ్మకమో ఆయన వ్యాపారం మీద నాకు అంత అనుమానం. అయినా ఒక మంచిరోజు చూసి ముందరి వసారాలో చాపలు పరిచి, విస్తరాకులు తెప్పించి, మెస్సు తెరిచాం.

మా ఇల్లు తంతి ఆఫీసుకు దగ్గర. అందుకని పత్రికల విలేకరులంతా మా దగ్గరికే చేరారు. ఎక్కడ సభ జరిగినా అది అయిపోగానే వీళ్లు తంతి ఆఫీసుకు పరుగెత్తాలి. పత్రిక బెజవాడలోనో మద్రాసులోనో అచ్చయి మరునాడు మధ్యాహ్నం బండికి మళ్లీ మా ఊరికి రావాలి. వార్త పంపేదాకా వాళ్లకు ఆకలి తెలియదు, పంపినాక ఆగలేరు. పంక్తిలో కూర్చున్నది మొదలు, మంత్రులను, ముఠాలను, వాళ్ల ఆఫీసుల్లో వార్తలు కోసేవాళ్లను తిడుతూ తినేవారు. నేను వంటింటి గడప దగ్గర నిలబడి అంతా వినేదాన్ని.

నాది మొదటినుంచీ అనుమానపు బుద్ధి. పాలామె పాలు పోసిపోతే చెంబు అడుగున చెయ్యి పెట్టి చూసే రకం. మా నాన్న నాకు చదువు చెప్పించాడు కాబట్టి విలేకరులు వదిలేసి పోయిన పత్రికలన్నీ చదివేదాన్ని. చదివిన కొద్దీ అనుమానం పెరిగేది. ఒకే సభకు పోయి వచ్చి, ఒకే పంక్తిలో కూర్చుని, ఒకే బీరకాయ పప్పు తిన్న ఇద్దరు మనుషులు. ఒకరి పత్రికలో పందిరి పట్టనంత జనం. ఇంకొకరి పత్రికలో కుర్చీలు ఖాళీ. “ఇదేందప్పా, మీ ఇద్దరికీ ఒకే సభ కనపడల్యా?” అని ఒకసారి అడిగేశాను. ఇద్దరూ నవ్వి మజ్జిగ పోయమన్నారు. ఆ నవ్వుతో నాకు ఉన్న నమ్మకం కూడా పోయింది. మా ఇంటాయన మాత్రం, వాళ్ల పని వాళ్లది, మన పని మనది, నువ్వు సాంబారు సంగతి చూడు అనేవాడు.

ఊళ్లో జనం సంగతి చెప్పనక్కర లేదు. కోస్తా పత్రికలు మన సీమ మాట రాయవు అని బజారులో ఎవరిని అడిగినా చెప్పేవారు. ఆ పత్రికల ఆఫీసుల్లోనేమో, కర్నూల్లో ఉన్న మా మనిషి సీమవాళ్లు పెట్టిన అన్నానికి అమ్ముడుపోయాడు అనుకునేవారట. ఈ మాట వాళ్ల నోటనే విన్నాను. అంటే మా వసారాలో కూర్చుని తినేవాళ్లను నమ్మేవాళ్లు ఎటువైపూ లేరు.

ఇట్లా ఉండగా ఏలుబడిలో ఉన్న పార్టీ జిల్లా మహాసభ కర్నూల్లో పెట్టారు. దాంట్లో మా పుట్టింటి ఊరి బతుకు ముడిపడి ఉంది, అది ముందు చెప్పాలి.

మా ఊరి పడమటి చేల మీదుగా ఒక కాలువ రావాలని సర్వే చేసి, రాళ్లు నాటి పోయారు. ఊళ్లో ఆడవాళ్లు ఆ రాళ్లకు పసుపు పూసి కుంకుమ పెట్టారు. వానలు ముఖం చాటేసిన నేల అది. శెనక్కాయ వేస్తే విత్తనం కూడా తిరిగి రాని సంవత్సరాలు చూశాం. ఆ రాళ్లను చూసుకుని పిల్లలకు పెళ్లిళ్లు మాట్లాడుకున్నవాళ్లు ఉన్నారు. అంతలో, కాలువ ఇటు రాదు, తూర్పుకు తిప్పుతారు అని పుకారు పుట్టింది. పుకారు కాదని తర్వాత తేలింది. కాలువ దారి మార్చడానికి జిల్లా అంతా ఒప్పుకుంటోందని మహాసభలో తీర్మానం చేయించాలని పెద్దలు నిర్ణయించారు.

మా ఊరు రెండు పార్టీల ఊరు. అంటే ఎన్నికల పార్టీలు కావు, రెండు వర్గాలు. ఒక వర్గం వీధిలో రెండో వర్గం పెళ్లి ఊరేగింపు పోదు. ఇటువాడు అటువాని ఇంట్లో మంచినీళ్లు కూడా తాగడు. తాగాడంటే మారిపోయాడనే లెక్క. అటువంటి ఊళ్లో కాలువ మాట వచ్చేసరికి రెండు వర్గాలవాళ్లూ మొదటిసారి ఒకే చోట కూర్చున్నారు. సభకు ఎవరిని పంపాలి అన్న దగ్గర మళ్లీ చిక్కు వచ్చింది. ఇటువాడు పోతే అటువాళ్లు ఒప్పుకోరు, అటువాడు పోతే ఇటువాళ్లు ఒప్పుకోరు. చివరికి మా తమ్ముడు తేలాడు. మా తమ్ముడికి ఊరి నడుమ అంగడి. ఉప్పూ పప్పూ రెండు వర్గాలకూ వాడే తూచాలి. వాడి తక్కెడ మీద అందరికీ నమ్మకం. పైగా నాలుగు మాటలు కూర్చి మాట్లాడగలడు. తాలూకా ప్రతినిధుల్లో వాడి పేరు వేయించి పంపారు.

ఊరకే పంపలేదు. గుడి ముందర కర్పూరం వెలిగించి, ఊరంతా చూస్తుండగా వాడితో అరచేత్తో ఆర్పించారు. మా పక్క అది పెద్ద ప్రమాణం. “పందిట్లో అందరూ చెయ్యెత్తినా నేను ఎత్తను. నేనొక్కడినైనా వద్దంటా” అని చెప్పి కర్పూరం ఆర్పి బస్సెక్కాడు.

మా ఇంటికి వచ్చి కాళ్లు కడుక్కుంటూనే వాడు అడిగిన మొదటి మాట, “ఈడ తినేటోళ్లలో బెజవాడ పత్రికాయన ఎవరక్కా?”

చూపించాను. సన్నగా, కళ్లద్దాల కాడకు దారం కట్టుకుని ఉండేవాడు. తల వంచుకుని తినడం, రెండోసారి ఏదీ అడగకపోవడం, లేచేటప్పుడు “వస్తానండి అక్కయ్యగారూ” అనడం ఆయన పద్ధతి. అంత మర్యాద నాకు మొదటినుంచీ గిట్టదు. అంత మర్యాదగా ఉండేవాళ్ల కడుపులో ఏముందో కనుక్కోలేం.

“ఆయప్ప ఎవరి మనిషి?” అన్నాడు తమ్ముడు.

“నాకెట్ల తెలుస్తాది? ఈడ దుడ్లిచ్చి తింటాండాడు, పోతాండాడు.”

“ఈడ తినేది సరే. పొద్దున యాడ తింటాండాడో అది చూడాల.”

సభలు మొదలైన రోజు పొద్దున్నే వాడికి జవాబు దొరికింది. ఆ తీర్మానం పెట్టే పెద్దమనిషి ఒక బంగళాలో దిగి ఉన్నాడు. ఆ బంగళా అరుగు మీద మన కళ్లద్దాలాయన కూర్చుని కాఫీ తాగుతూ, పళ్లెంలో బొరుగుల ఉగ్గాని తింటూ కనపడ్డాడట. తమ్ముడు పరుగెత్తుకొచ్చి నాకు చెప్పాడు.

“చూస్తివా అక్కా? వాళ్లింట్లో తిన్యాడు. ఇంకేం రాస్తాడు మనకు?”

మా ఊరి బుద్ధి ఎక్కడికి పోతుంది? వాడు ఆ మాట అనగానే నాకూ అంతే అనిపించింది. ఆ మధ్యాహ్నం ఆయనకు చారు వడ్డిస్తూ చేతులు చూశాను, జేబు చూశాను. ఆయనేమో తల ఎత్తి, “మీది పత్తికొండ వైపటగదండీ అక్కయ్యగారూ. అక్కడ కాలువకు నాటిన రాళ్లు ఇంకా ఉన్నాయా, పీకేశారా?” అన్నాడు.

“నేను వంటచేసుకునేదాన్ని. రాళ్ల సంగతి నాకేం తెలుస్తాది?” అన్నాను. బంగళాలో తిన్నవాడు మా ఊరి రాళ్ల సంగతి ఎవరికోసం అడుగుతున్నాడో నాకు తెలియదా అనుకున్నాను. మా ఇంటాయన లోపలికొచ్చి, గిరాకీ మీద కసురుకుంటే ఎట్లా అని గొణిగాడు. ఆయనకు అందరూ మంచివాళ్లే, దాంతోనే మాకు ఏ వ్యాపారమూ కలిసి రాలేదు.

తీర్మానం ఆఖరి రోజుకు పెట్టారు. పొద్దున తమ్ముడు ఉతికిన ఖద్దరు తొడుక్కుని బయల్దేరుతుంటే బొట్టు పెట్టి పంపాను. నాకు భయంగానే ఉండింది. అంతమంది పెద్దల ముందర, పల్లెటూరి అంగడి నడుపుకునే మనిషి, ఒక్కడే వద్దనడం సామాన్యమా? కానీ గర్వం కూడా ఉండింది, అది దాచుకోను. మా నాన్న బతికుంటే చూసి సంతోషించేవాడు అనుకున్నాను.

మధ్యాహ్నం వాడు అందరికంటే ముందు వచ్చాడు. చెమటతో ఖద్దరు వీపుకు అంటుకుపోయి ఉంది.

“ఏమాయ?” అన్నాను.

“తీర్మానం పాసాయ. కానీ నేను ఎత్తల్యా అక్కా. అందరూ ఎత్తినా నేనొక్కడినే చెయ్యి కింద పెట్టుకోనుండా.”

నాకు కళ్లలో నీళ్లు తిరిగాయి. ఆ పూట పొయ్యి మీదికి మళ్లీ బెల్లం, శెనగపప్పు ఎక్కించి వాడికోసం ఓళిగలు చేశాను. అంగడికి సరుకు కొనాలని వాడు ఇంకో రోజు ఉండిపోయాడు.

మరునాడు బండికి పత్రికలు వచ్చాయి. బెజవాడ పత్రిక విప్పితే లోపలి పుటలో నాలుగు వరుసలు. కాలువ తీర్మానం ఏకగ్రీవంగా ఆమోదించారు, వ్యతిరేకించినవారు ఒక్కరూ లేరు. తమ్ముడు ఆ వరుసల మీద వేలు పెట్టి చదివి పత్రిక విసిరికొట్టాడు.

“నేను చెప్పలే? వాళ్లింట్లో తిన్యాడు. నా చెయ్యి వానికి కనపడల్యా!”

నాకు ఒళ్లు మండిపోయింది. మర్యాద చేసి మాట్లాడేవాళ్లంతా ఇంతే అనుకున్నాను. ఆ రోజు కళ్లద్దాలాయన రానీ, అన్నం ముందర కూర్చోబెట్టి కడిగేస్తాను అని కాచుకుని ఉన్నాను. ఆయన వచ్చాడు. తమ్ముడు కూడా వసారాలోనే ఒక మూల విస్తరి ముందు కూర్చుని ఉన్నాడు.

“ఏమప్పా, ఇది నువ్వు రాసిందేనా? పందిట్లో ఒక్కరు గూడా వద్దనల్యా?” అని పత్రిక ఆయన ముందర పెట్టాను.

ఆయన చదివి, కళ్లద్దాలు తీసి తుడుచుకున్నాడు. కోపం తెచ్చుకోలేదు.

“వద్దన్నవాళ్లు ఉంటే నాకంటే సంతోషించేవాళ్లు ఎవరండీ అక్కయ్యగారూ? చేతులెత్తమన్నప్పుడు నేను బల్ల దగ్గర నుంచి లేచి, వెనక్కి తిరిగి, పందిరి ఈ కొస నుంచి ఆ కొసదాకా చూశాను. ఒక్క చెయ్యి కిందుంటే చాలు, నా వార్త మొదటి పుటలో పడేది. అందరూ ఔనన్న సభకు మా ఆఫీసువాళ్లు నాలుగు వరుసలకంటే ఇవ్వరు. సభల మొదటి రోజు పొద్దున, తీర్మానం పెట్టే పెద్దాయన బంగళాకు పోయింది కూడా అందుకే. ఎవరు వద్దంటారోనని వాళ్లే ఎక్కువ భయపడుతుంటారు కదా, ఆ పేర్లు వాళ్ల నోట వస్తాయేమోనని పోయాను. రాలేదు.”

“ఎవరూ ఎత్తకుండా లేరా? బాగా చూస్తివా?”

“చూశానండి. లేరు.”

ఆ మాటను నమ్మకపోవడానికి నేను ఇంకేదో వెతుక్కుంటున్నాను. అంతలో మద్రాసు పత్రిక కళ్లబడింది. ఆ రెండు పత్రికలకూ ఎన్నడూ పడదు. పందిరి పట్టనంత జనమని ఒకటి రాస్తే కుర్చీలు ఖాళీ అని రెండోది రాసే పత్రికలు అవే. ఆనాడు మాత్రం రెండూ ఒకే మాట రాశాయి. ఒక్కరూ వ్యతిరేకించలేదని.

తమ్ముడి వైపు చూశాను. వాడు కాసేపటి క్రితం వేలు పెట్టి చూపించి అరిచిన మనిషి. ఇప్పుడు విలేకరి ఎదురుగా ఉంటే తల ఎత్తడం లేదు. అన్నంలో పప్పు కలుపుతున్నాడు, మళ్లీ కలుపుతున్నాడు, తినడం లేదు. అడగకుండా ఉంటే బాగుండునని అప్పుడు అనిపించింది.

అందరూ లేచిపోయాక వంటింట్లోకి పిలిచాను. నేను అడగకముందే వాడే చెప్పాడు.

“అందరూ ఎత్తినారక్కా. ఆ పెద్దాయన పైన కూచ్చోని మా వరసనే చూస్తాండాడు. నా పక్కనోడు ఎత్తినాడు, వాని పక్కనోడు ఎత్తినాడు. నా చెయ్యి ఎప్పుడు లేసిందో నాకే తెల్దు.”

“ఎవురన్నా బెదిరించినారా?”

“లేదక్కా. బెదిరించింటే బాగుండు.”

వాడు గోడకు ఆనుకుని పిల్లాడి మాదిరి ఏడ్చాడు. నాకు కోపం రావలసింది. రాలేదు. మా ఇద్దరిలో చిన్నప్పటి నుంచీ భయస్తుడు వాడే. తేలు కనపడితే నన్నే పిలిచేవాడు. అట్లాంటివాడిని పట్టుకుని ఊరంతా కలిసి కర్పూరం ఆర్పించి అంతమంది మధ్యకు తోశారు.

“మరి ఊళ్లో ఏం చెబుతావు?”

“పత్రికోళ్లు అబద్ధం రాసినారని చెబుతా.”

“నమ్ముతారా?”

“ఎందుకు నమ్మరు? వాళ్లు నిజం రాస్తారని మన ఊళ్లో ఎవరు నమ్ముతాండారు? బంగళాలో తిన్యాడని గూడా చెబుతా. అది నిజమే కదా.” కండువాతో ముఖం తుడుచుకున్నాడు. “నిజం చెబితే నా అంగడికి ఎవరొస్తారక్కా? నా పెండ్లాం బిడ్డల్ని ఆ ఊళ్లో ఉండనిస్తారా?”

ఉండనివ్వరని నాకూ తెలుసు. రెండు వర్గాలూ ఎన్నడూ కలవవు అంటారు గానీ, ఒక్కడి మీద పడాలంటే కలుస్తాయి. సాయంత్రం బస్సుకు వాడు సరుకు వేసుకుని ఊరికి పోయాడు.

తర్వాత కొన్నాళ్లకు కళ్లద్దాలాయన అన్నం తింటూ, “వచ్చే వారం మీ వైపు పోతున్నానండి” అన్నాడు.

“ఎందుకు?”

“ఆ పడమటి ఊళ్లవాళ్లు కూడా ఒప్పుకున్నారంటే నాకు నమ్మబుద్ధి కావడం లేదు. రాళ్లకు పసుపు కూడా పూశారట కదా, అట్లాంటివాళ్లు ఎట్లా ఒప్పుకుంటారు? పోయి రాళ్లు చూస్తాను. జనాన్ని అడిగి, వాళ్లేమంటే అది రాస్తాను. మా ఆఫీసువాళ్లు ఒక పేజీ ఇస్తామన్నారు.”

నిజం చెబుతున్నాను, ఆయన మీద నాకున్న అనుమానం ఆ రోజు పూర్తిగా పోయింది. అయితే ఆయన పోతే ఊళ్లో ఏం చెబుతారు? మా మనిషి చెయ్యి ఎత్తలేదు, నువ్వు అబద్ధం రాశావు అంటారు. లేదు, అందరూ ఎత్తారు అని ఆయన అంటాడు. అప్పుడు మా తమ్ముడి గతి ఏమిటి? ఈ ఆలోచనతో నాలుగు రోజులు నాకు వంట మీద ధ్యాస లేదు. మా ఇంటాయన చారులో ఉప్పు మరిచిపోయావని రెండుసార్లు చెప్పాడు.

అంతలో మా ఊరి పెద్దలు ఇద్దరు కర్నూలు వచ్చారు. ఒక్కో వర్గానికి ఒక్కొక్కరు. ఒకే బస్సులో వచ్చి, ఒకే వసారాలో పక్కపక్కన కూర్చోవడం నేను పుట్టి ఎరగను. వాళ్ల వెనక మా తమ్ముడు. పనేదో ఉందని వచ్చారు గానీ, వచ్చింది నాకోసమే.

మంచినీళ్లు తాగి, వాళ్లలో పెద్దాయన మొదలుపెట్టాడు. “ఏం పాపా, బాగుండావా? నిన్నొక మాట అడగాల. మీ తమ్ముడు చెయ్యెత్తల్యా అంటాండాడు. పత్రికలో అందరూ ఎత్తినారని రాసినారు. ఆ రాసినాయన మీ ఇంట్లోనే తింటాడంట గదా. నీకేమన్నా తెలుసునా?”

రెండో ఆయన అందుకున్నాడు. “ఆయప్ప మా పక్కకు వస్తాడని గూడా అనుకుంటాండారు. రానీ. బస్సు దిగినాడంటే మా పిల్లోళ్లు కాళ్లు ఇరగ్గొట్టి పంపిస్తారు. మా నోట్లో మన్ను కొట్టి మళ్లా మా ఊరికే వస్తాడా?”

ఆయన ఆవేశంగా అనలేదు, మామూలుగా చెప్పాడు. మా ఊళ్లో ఆ మాట మామూలుగా అన్నారంటే చేసేస్తారని అర్థం. ఆ సన్నటి మనిషి, దారం కట్టిన కళ్లద్దాలు, బస్సు దిగి నమస్కారం పెడుతుంటే చుట్టూ కట్టెలు పట్టుకుని నిలబడ్డ జనం నాకు కళ్లకు కట్టినట్టు కనపడ్డారు. తమ్ముడి వైపు చూశాను. వాడు బయట వీధిలోకి చూస్తున్నాడు.

“ఆయప్ప రాసింది అబద్ధం కాదు. ఇంకో పత్రికలో గూడా అదే రాసినారు. ఆయప్పను ఏమీ అనొద్దండి. మనకు మంచి చేయాలనే వస్తాండాడు” అన్నాను.

పెద్దాయన మెల్లగా తమ్ముడి వైపు తిరిగాడు. “ఏం శెట్టీ, మీ అక్క ఇట్లంటాండాదే?”

వాడు ఒక్క మాట అనకుండా ఉన్నా చాలు, నేను తట్టుకునేదాన్ని. కండువా సర్దుకున్నాడు. నా ముఖం చూడలేదు.

“మా అక్క ఏం చేస్తాదప్పా. పొద్దుగూకులూ ఆ పత్రికోళ్ల నడుమనే ఉంటాది. వాళ్లు తిని దుడ్లిస్తేనే ఈ ఇల్లు గడుస్తాది. వాళ్లు చెప్పిందే చెబుతాది.”

పెద్దాయన తల ఊపాడు. నా మీద ఆయనకు కోపం కూడా రాలేదు. “పోనీలే పాపా. నీ బతుకు నీది” అన్నాడు జాలిగా. ఆ జాలి నాకు చెంపదెబ్బకంటే ఎక్కువ తగిలింది. వంటింట్లో వాడు గోడకు ఆనుకుని చెప్పిన మాటలు నా నోటిదాకా వచ్చాయి. ఒక్క ముక్క చెబితే చాలు. మా ఇంటాయన వాకిట్లో నిలబడి నన్నే చూస్తున్నాడు, ఆయనకూ అన్నీ తెలుసు. నేను చెప్పలేదు. నమ్మరేమోనని కాదు, ఈ మాట నమ్ముతారేమోనని భయం వేసింది. వాళ్లతోపాటే తమ్ముడు బస్సెక్కుతాడు, వాళ్లతోపాటే ఊళ్లో దిగాలి.

వాళ్లు పోయిన మరునాడు కళ్లద్దాలాయన వచ్చాడు. మజ్జిగన్నం దాకా ఆగి, “మా ఊరి పక్కకు పోవద్దండి” అన్నాను.

“ఎందుకండీ?”

“ఎండలు శానా ఉండాయి. బస్సులు గూడా సరిగ్గా లేవు.”

ఆయన అన్నం కలపడం ఆపి నన్ను పరీక్షగా చూశాడు. “ఎవరు చెప్పమన్నారండీ మీతో? బంగళావాళ్లా?”

ఇన్నాళ్లూ నేను ఆయనను చూసిన చూపే అది. నాకు ఏడుపు వచ్చింది, కోపమూ వచ్చింది. “ఎవరూ చెప్పల్యా. మీకు అక్కయ్య అంటాండారు గదా, ఆ వరసతోనే చెబుతాండా. పోవద్దండి. కొడతారు” అన్నాను. ఎందుకు కొడతారో ఆయన అడగలేదు. నన్ను నమ్మాడో, నమ్మకపోయినా భయపడ్డాడో, పోలేదు. తర్వాత ఆయన తిండి ఇంకో మెస్సుకు మార్చుకున్నాడు. ఆయన పత్రికలో మా ఊరి రాళ్లకోసం అట్టిపెట్టిన పేజీలో ఏదో సినిమా నటి ఫొటో వేశారు.

కాలువ తూర్పుకే పోయింది. రాజధాని హైదరాబాదుకు పోయింది, డేరాలు ఎత్తేశారు, విలేకరులూ పోయారు. తినేవాళ్లు లేక మెస్సు మూసేసి మేము కడపకు వచ్చి స్థిరపడ్డాం. తమ్ముడితో రాకపోకలు మానలేదు. మానితే జనం ఎందుకని అడుగుతారు. వాడి అంగడి బాగా సాగింది, రెండు వర్గాలూ ఇప్పటికీ వాడి దగ్గరే కొంటాయి. మా మధ్య ఆ మాట మళ్లీ ఎప్పుడూ రాలేదు.

మొన్న ఊరికి పోయినప్పుడు అంగడి ముందర పదిమంది కూర్చుని ఉన్నారు. వాన లేదు, మాటలు మాత్రం ఉన్నాయి. మన గోడు ఎవరికి పట్టింది, అప్పుడు కాలువ పోగొట్టుకుంటిమి, ఒక్క పత్రికోడు మన ఊరికి వచ్చి మనల్ని అడిగినాడా అని ఒకాయన అన్నాడు. తక్కెడలో పప్పు పోస్తూ మా తమ్ముడు అన్నాడు, “యాడొస్తారప్పా వాళ్లు. మన మాట వాళ్లకెందుకు?”

అందరూ ఔనన్నారు. వస్తానన్న ఒకాయనను వద్దని ఆపింది నేనేనని వాళ్లకు తెలియదు. మా తమ్ముడికీ తెలియదు.